నాలుగక్షరాల రిజల్ట్ చేతికొచ్చిందా? దాన్ని చదివే పద్ధతి ఇదీ

ట్రైనింగ్ అని పిలిచారు, పర్సనాలిటీ టెస్ట్ లింకు ఒకటి పంపారు. తొంభై ప్రశ్నలు. లంచ్ టైమ్ అయిపోతోందని చివరి ముప్పై చకచకా నొక్కేశారు. అంతలో రంగురంగుల పీడీఎఫ్ ఒకటి మెయిల్లో వచ్చి పడింది. మీరు 'ఐఎన్‌ఎఫ్‌జే' అట. పక్క సీటు ఆవిడ 'ఈఎస్‌టీపీ' అట. సాయంత్రానికి ఆ అక్షరాలు కొందరి వాట్సాప్ స్టేటస్ అయ్యాయి. వారం తిరిగేసరికి మీ మేనేజర్ మీతో మాట్లాడే తీరులో కూడా ఏదో తేడా.

దాన్ని డిలీట్ చేయమని నేను చెప్పను. ఫ్రేము కట్టించుకోమనీ చెప్పను. పదకొండేళ్ళు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టీములు నడిపాను. ఇలాంటి టెస్టులు నేను రాశాను, నా టీము చేతా రాయించాను. ఒక పిల్లాడి విషయంలో బోల్తా కూడా పడ్డాను, ఆ సంగతి ఆరో అడుగులో వస్తుంది. అప్పటినుంచి ఏ రిజల్ట్ చేతికొచ్చినా ఈ వరసలోనే చదువుతున్నాను.

కావలసినవి: రిజల్ట్ ప్రింటు ఒకటి, పెన్ను, మీ గురించి మొహమాటం లేకుండా మాట్లాడే ముగ్గురు మనుషులు, ఐదు వారాల ఓపిక.

అడుగు 1: అది ఏ టెస్టో కనుక్కోండి

అన్నిటినీ కలిపి 'పర్సనాలిటీ టెస్ట్' అనేస్తాం గానీ అవన్నీ ఒక తల్లి పిల్లలు కావు.

నాలుగక్షరాలు వచ్చిందంటే అది ఎంబీటీఐ (మైయర్స్-బ్రిగ్స్ టైప్ ఇండికేటర్) గానీ, దాన్ని చూసి ఎవరో తయారుచేసిన నకలు గానీ. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో మనుషుల్లో రకాల గురించి ఒక సిద్ధాంతం రాశాడు. దాన్ని పట్టుకుని అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ ప్రశ్నలు కూర్చారు. ఇద్దరికీ మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ లేదు. అదేమీ నేరం కాదు, కానీ ఆ టెస్టు ప్రయోగశాలలో పుట్టలేదని తెలిసి ఉండటం మంచిది. ఇంట్లో, డైనింగ్ టేబుల్ దగ్గర, మనుషులంటే అంతులేని ఆసక్తి ఉన్న ఇద్దరు ఆడవాళ్ళ చేతుల్లో పుట్టింది. నెట్‌లో ఉచితంగా దొరికే చాలా టెస్టులు ఆ అక్షరాలను మాత్రం వాడుకుని ప్రశ్నలు సొంతంగా రాసుకున్నవే.

ఐదు గీతలు, వాటి మీద మార్కులు వచ్చాయంటే అది 'బిగ్ ఫైవ్' కుటుంబం. దీని పుట్టుక వేరు. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని మనుషుల తీరును చెప్పే మాటలన్నీ ఏరితే దాదాపు 18,000 తేలాయి. తర్వాతివాళ్ళు గణితంతో వడపోసి, గుంపులు కట్టి, చివరికి ఐదు దగ్గర ఆగారు: కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమం, కలుపుగోలుతనం, ఎదుటివాళ్ళతో సర్దుకుపోయే గుణం, ఆందోళన. పరిశోధకులు ఎక్కువగా నమ్మేది దీన్నే.

మూడో రకం ఆసుపత్రిది. 1943లో అచ్చయిన ఎంఎంపీఐ లాంటివి క్లినికల్ సైకాలజిస్టు మాత్రమే రాయించి, చదివి చెప్పాల్సినవి. ఆ కాగితం మీ చేతిలో ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి రాయించిన డాక్టరుతోనే మాట్లాడండి.

అన్నట్టు, యూపీఎస్సీ సివిల్స్‌లో 275 మార్కుల ఇంటర్వ్యూను కూడా అధికారికంగా 'పర్సనాలిటీ టెస్ట్' అనే అంటారు. అందులో టిక్కులు పెట్టే కాగితమేమీ ఉండదు. బోర్డు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతుంది.

అడుగు 2: అక్షరాలు కొట్టేసి అంకెలు చూడండి

పెన్ను తీసి నాలుగు అక్షరాల మీదా గీత కొట్టండి. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో శాతాలు ఉంటాయి. అవి చూడండి.

కలుపుగోలుతనంలో మీకు 52 వచ్చింది, మీ తోడికోడలికి 48, మీ ఆడపడుచుకి 97 అనుకుందాం. 50 దగ్గర గీత గీసి అటు 'ఈ' (బహిర్ముఖులు), ఇటు 'ఐ' (అంతర్ముఖులు) అని పేరు పెడితే మీరూ మీ ఆడపడుచూ ఒక జట్టు, తోడికోడలు వేరే జట్టు. నిజానికి మీకూ తోడికోడలికీ తేడా నాలుగు మార్కులు, ఆడపడుచుకీ మీకూ నలభై ఐదు. ఆవిడ వీధి మలుపులో ఉండగానే మాటలు మన వాకిట్లోకి వచ్చేస్తాయి. మీరు అలా కాదు. కానీ కాగితం మాత్రం మీరిద్దరూ ఒకటే అంటుంది.

మనుషుల ఎత్తులు కొలిచినా, ఇలాంటి గుణాలు కొలిచినా, ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. ఆ కొసన కొందరు, ఈ కొసన కొందరు. కాబట్టి గీత పడేది సరిగ్గా జనం కిక్కిరిసి ఉన్న చోట. మీ మార్కు 40కీ 60కీ మధ్య ఉంటే ఆ అక్షరం స్థానంలో ఒక చుక్క పెట్టేయండి. నేను నాది ఇలా దిద్దుకుంటే నాలుగింట్లో ఒక్క అక్షరం మిగిలింది.

అంకెలే ఇవ్వలేదా? అడిగి తెప్పించుకోండి. ఇవ్వలేమంటే ఆ రిజల్ట్‌తో ఇంక పనిలేదు, ఆరో అడుగుకి వెళ్ళిపోండి.

అడుగు 3: ఐదు వారాలు ఆగి మళ్ళీ రాయండి

పాత రిజల్ట్ చూడకుండా, అదే టెస్టు, వేరే పూట. ఇంట్లో ఆదివారం రాసింది ఆఫీసులో సోమవారం రాసిన దానితో పోల్చుకోండి.

ఎంబీటీఐ మళ్ళీ రాయించి చూసిన కొన్ని అధ్యయనాల్లో దాదాపు సగం మందికి ఐదు వారాల్లోనే కనీసం ఒక అక్షరం మారింది. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ చిన్న లెక్క వేస్తే ఆశ్చర్యం పోతుంది. ఒక్కో అక్షరం మారకుండా ఉండే అవకాశం 100కి 85 అనుకోండి, అది తక్కువేమీ కాదు. నాలుగూ మారకుండా ఉండాలంటే 0.85ని నాలుగుసార్లు గుణించాలి. వచ్చేది 0.52. అంటే ఒక్కో అక్షరం బాగానే నిలకడగా ఉన్నా, నాలుగూ కలిపి నిలిచేది సగం మందికే. గీత దగ్గర ఉన్నవాళ్ళు రెండు ప్రశ్నలకి జవాబు మార్చినా చాలు, అటునించి ఇటు దూకేస్తారు.

మారిన అక్షరం ఏదో రాసుకోండి. అది మీ గుణం మారిందని చెప్పదు, మీరు మధ్యలో ఉన్నారని చెబుతుంది.

అడుగు 4: కవరు మార్చి చదివించండి

ఇది ఇంట్లో చేయదగ్గ ప్రయోగం, నవ్వులు కూడా పూస్తాయి. మీ వర్ణన ఒకటి, వేరే రకాల వర్ణనలు మరో మూడు ప్రింటు తీయండి. తలకట్టులు కత్తిరించేసి, కలిపేసి, వారం తర్వాత మీరే చదివి మీది ఏదో పట్టుకోండి. తర్వాత మీ ఆయనకో, ఆవిడకో, అక్కకో ఇచ్చి "ఇందులో నేనెవర్ని?" అని అడగండి.

మా ఇంట్లో మా ఆయన రెండు నిమిషాలు తీరిగ్గా చదివి, "నాలుగూ నువ్వే" అన్నాడు.

అతని తప్పు కాదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ అధ్యాపకుడు తన క్లాసులో 39 మంది విద్యార్థుల చేత టెస్టు రాయించి, వారం తర్వాత ఒక్కొక్కరికీ విడివిడిగా 'మీ వ్యక్తిత్వం' అని కాగితం ఇచ్చాడు. అది మీకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయండి అన్నాడు. సగటు 4.26 వచ్చింది. చివరికి బయటపెట్టిన సంగతి ఏమిటంటే, అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు ఎక్కువగా కొట్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తి రాసినవి. 'మీలో వాడుకోని శక్తి చాలా ఉంది', 'పైకి ధైర్యంగా కనిపించినా లోపల దిగులు పడతారు', అలాంటివి.

మనకిది కొత్తా? ఎరుకల సోదెమ్మ బుట్ట దించి, మన చెయ్యి పట్టుకుని ఏం చెప్పేది? "నీ చేతి నుంచి పదిమంది తిన్నారు తల్లీ, నీకు మాత్రం మంచిమాట దక్కలేదు." మా అమ్మమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని సోలెడు బియ్యం ఎక్కువ పోసేది. మా వీధిలో ఆ మాట సరిపోని ఆడమనిషి ఒక్కతి కూడా ఉండి ఉండదు.

కాబట్టి మీ రిపోర్టు తీసుకుని ప్రతి వాక్యానికీ ఒక ప్రశ్న వేయండి: ఇది మా మేనేజర్‌కి సరిపోదా? మా డ్రైవర్‌కి? సరిపోతుందంటే ఆ వాక్యం కొట్టేయండి. నాలుగు పేజీల రిపోర్టులో నాకు ఆరు వాక్యాలు మిగిలాయి. ఆ ఆరూ పనికొచ్చేవే, ఏడో అడుగులో వాడుకుందాం.

అడుగు 5: ప్రశ్న ఎవరి ఇంటిదో చూడండి

రిజల్ట్ చదివేవాళ్ళే గానీ ప్రశ్నలు తిరిగి చదివేవాళ్ళు తక్కువ. వీలైతే ప్రశ్నలు మళ్ళీ తెరవండి.

బిగ్ ఫైవ్ టెస్టుల్లో బాగా వాడే ఒక వాక్యం ఉంది: 'ఐ యామ్ ద లైఫ్ ఆఫ్ ద పార్టీ'. మా టీములో ఒకమ్మాయి దీనికి ఐదుకి ఒకటి వేసింది. ఎందుకమ్మా అంటే, "నేను తాగను కదా మేడమ్, పార్టీలకి వెళ్ళను" అంది. ఆ పిల్ల మేనమామ ఇంట్లో పెళ్ళయితే మెహందీ దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఇల్లంతా తన గొంతే. పార్టీ అంటే మనకి ఒకటి మందు, రెండు జెండా. పెళ్ళిల్లు అని అడిగి ఉంటే ఐదుకి ఐదు వేసుండేది.

ఇంకో చిక్కు పోలికది. 'నేను కష్టపడి పనిచేస్తాను' అన్న వాక్యానికి జవాబు రాసేటప్పుడు మనసులో ఎవరిని పెట్టుకుంటాం? పొద్దున నాలుగింటికి లేచి పాలు పిండి, పొలానికెళ్ళి వచ్చిన నాన్నతో పోల్చుకున్నవాడు మూడు వేసుకుంటాడు. హాస్టల్ రూమ్మేట్లతో పోల్చుకున్నవాడు ఐదు వేసుకుంటాడు. మొదటివాడు బద్ధకస్తుడని కాగితం రాస్తుంది.

ఇక మొహమాటం. 'నేను ఇతరుల కంటే బాగా చేస్తాను' అని మన గురించి మనం రాసుకోవడం మన పెంపకంలో లేదు. గట్టిగా అవుననలేక, కాదనలేక మధ్యలో మూడు నొక్కేస్తాం. "చూద్దాం లెండి" అనే మాటకి టెస్టులో ఉన్న చోటు ఆ మూడే.

ఈ కొలబద్దలు ఎక్కువగా అమెరికా, యూరప్ చదువుకున్నవాళ్ళ మీద తయారైనవి. బొలీవియా అడవుల్లో వేట, పోడు మీద బతికే చిమానే తెగవాళ్ళ మీద బిగ్ ఫైవ్ ప్రయోగిస్తే వచ్చిన జవాబుల్లో ఆ ఐదు గుంపులు సరిగా ఏర్పడలేదని 2013లో పరిశోధకులు చూపించారు. మనం బొలీవియా అంత దూరం కాదు, కానీ ప్రశ్న అర్థం కాకుండా నొక్కిన బటన్లు ఎన్నో లెక్కపెట్టుకోండి. పదికి మించితే ఆ టెస్టు కొలిచింది మీ ఇంగ్లీషునే.

అడుగు 6: గుణాన్ని సందర్భంతో తిరగరాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. ముందు నా బోల్తా సంగతి.

అప్పుడు పనిచేసిన ఆఫీసులో ఒక హోటల్లో రోజంతా ట్రైనింగ్ పెట్టారు. రిజల్ట్ ప్రకారం అందరికీ రంగు స్టిక్కర్లు ఇచ్చి షర్టుకి అంటించుకోమన్నారు. నా టీములో జగిత్యాల వైపునుంచి వచ్చిన కుర్రాడికి నీలం వచ్చింది: అంతర్ముఖుడు, ఒంటరిగా పని ఇస్తే రాణిస్తాడు. నాకు అది సరిగ్గా సరిపోయినట్టే అనిపించింది. మీటింగుల్లో నోరెత్తేవాడు కాదు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఒక్క క్లయింట్ కాల్‌లోనూ అతన్ని కూర్చోబెట్టలేదు. పాపం ఇబ్బంది పడతాడేమోనని నా దయ. డెమోలన్నీ వేరేవాళ్ళకి వెళ్ళాయి. డెమో ఇచ్చినవాళ్ళ పేరు పైవాళ్ళకి తెలుస్తుంది, తెలిసినవాళ్ళకి ప్రమోషన్ వస్తుంది.

ఒక సెప్టెంబరులో ఎవరో అతని ఊరి వీడియో చూపించారు. వినాయక నిమజ్జనం, లడ్డూ వేలంపాట. స్టేజీ మీద మైకు పట్టుకుని, చెవుల దాకా గులాల్ పూసుకుని, మనవాడే. "పదివేలు ఒకటోసారి" అని ఆపి, ముందు వరసలో మీసం దువ్వుతున్న పెద్దమనిషిని పేరుపెట్టి కవ్వించి, పాటని ఇరవై రెండు వేల దాకా లాక్కెళ్ళాడు. జనం ఈలలు.

మర్నాడు పిలిచి అడిగాను. అతను నవ్వి, "ఊర్ల నేను మాట్లాడకుంటే పనే నడవదక్కా. ఈడ ఇంగ్లీషుల మాట్లాడాలె. ఒక ముక్క తప్పు వోతే అందరూ మొకం చూస్తరు" అన్నాడు.

అతను అంతర్ముఖుడా, బహిర్ముఖుడా? ఆ ప్రశ్నే తప్పు.

ఈ గొడవ మనస్తత్వశాస్త్రంలో వందేళ్ళనాటిది. 1920లలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు వేలమంది బడిపిల్లల నిజాయితీని రకరకాల చోట్ల పరీక్షించారు. పరీక్షలో కాపీకొట్టే అవకాశం, చిల్లర డబ్బులు జేబులో వేసుకునే అవకాశం, అబద్ధం చెప్పే అవకాశం ఇలా ఇచ్చి చూశారు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లవాడు ఇంకోచోటా అలాగే ఉంటాడని గట్టిగా చెప్పడానికి వీలే కాలేదు.

1973లో అచ్చయిన ఇంకో ప్రయోగం నాకు మరీ ఇష్టం. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో పాస్టర్లు కావడానికి చదువుతున్న విద్యార్థులను డార్లీ, బ్యాట్సన్ అనే మనస్తత్వవేత్తలు ఒక్కొక్కరిగా పక్క భవనానికి ప్రసంగించడానికి పంపారు. దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతూ ఉంటాడు. ఆగి సాయం చేసేదెవరు? వాళ్ళ చేత ముందే భక్తి గురించి ప్రశ్నావళి రాయించారు. ఆ జవాబులు చూసి ఎవరు ఆగుతారో చెప్పడం కుదరలేదు. చెప్పగలిగింది ఒక్కటే, తొందర. బోలెడు టైముందని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం ఆగారు. ఇప్పటికే ఆలస్యమైందని తరిమినవాళ్ళలో 10 శాతం. వీళ్ళలో కొందరు ప్రసంగించబోయేది సరిగ్గా దారిన పడి ఉన్నవాడికి సాయం చేసిన బైబిలు కథ గురించే.

అలాగని మనిషికి తీరంటూ లేదని కాదు. ఉంది, కాకపోతే అది ఒక్క మాటలో ఇమిడేది కాదు. 1994లో షోడా, మిషెల్, రైట్ అనేవాళ్ళు న్యూ హాంప్‌షైర్‌లో ఒక వేసవి క్యాంపు పిల్లల మీద చేసిన పని అచ్చయింది. ఒక్కో పిల్లవాణ్ణి 150 గంటలకు పైగా గమనించారు. ఇద్దరు పిల్లలు మొత్తం మీద ఒకే మోతాదులో గొడవపడతారు. కానీ ఒకడు తోటిపిల్లలు ఏడిపిస్తే తిరగబడతాడు, పెద్దవాళ్ళు మందలిస్తే ఊరుకుంటాడు. ఇంకొకడికి సరిగ్గా తిరగేసి. టెస్టులో ఇద్దరికీ 'దూకుడు: 70' అని వస్తుంది. వాళ్ళకి అన్నం పెట్టే మనిషికి కావలసింది ఆ 70 కాదు.

ఇక మీ పని. రిపోర్టులో మిగిలిన ఒక్కో గుణాన్నీ తీసుకుని ఇలా రెండు మూడు వాక్యాలు రాయండి:

'నేను నెమ్మదస్తురాల్ని' కొట్టేసి, 'కొత్తవాళ్ళు ఐదుగురు దాటితే మాట్లాడను. నాకు తెలిసిన విషయం ఎవరైనా తప్పు చెబితే అక్కడ ఎంతమంది ఉన్నా ఆగలేను.'

'నేను ప్లానింగ్ మనిషిని' కొట్టేసి, 'ఆఫీసు పని రెండు రోజుల ముందే పూర్తిచేస్తాను. కరెంటు బిల్లు మాత్రం ఫ్యూజు పీకడానికి వచ్చాక కడతాను.'

ఎప్పుడు, ఎవరి ముందు, ఏం చేస్తాను. మూడూ ఉండాలి. ఎదుటి మనిషి గురించి రాసేటప్పుడు ఇంకో నియమం: మీరు కళ్ళారా చూసింది మాత్రమే రాయాలి. నేను ఆ కుర్రాడి గురించి ఏడాదిన్నర క్రితమే ఇలా రాసి ఉంటే 'ఇంగ్లీషు మీటింగులో మాట్లాడడు' అని రాసేదాన్ని, ఆ పక్కనే 'తెలుగులో?' అన్న ప్రశ్న తనంతట తనే వచ్చేది.

అడుగు 7: ముగ్గురిని అడగండి

ఒకరు ఇంటి మనిషి, ఒకరు ఆఫీసు మనిషి, ఒకరు పదేళ్ళకి పైబడిన స్నేహం. నాలుగో అడుగులో మిగిలిన వాక్యాలు చూపించి, "ఇది నిజమా? నిజమైతే నేనలా చేసిన సందర్భం ఒకటి చెప్పు" అనండి. అవును కాదు అనే జవాబు ఒప్పుకోవద్దు, సందర్భం కావాలి.

సిమీన్ వజీర్ అనే పరిశోధకురాలు 2010లో చూపించినదాని ప్రకారం, మన గురించి మనకీ పక్కవాళ్ళకీ తెలిసేవి వేరువేరు. లోపలి దిగులు, ఆందోళన మనకే బాగా తెలుస్తాయి. తెలివి, సృజన లాంటి వాటిని మాత్రం మనకంటే స్నేహితులే సరిగ్గా అంచనా కడతారు. కాబట్టి 'మీరు తెలివైనవారు' అన్న గీత మీద స్నేహితుడి మాట తీసుకోండి, 'మీరు ఆందోళన పడతారు' అన్న గీత మీద మీ మాటే ఉంచుకోండి.

అత్తగారిని అడగాలా అంటే, అది మీ ఇష్టం.

అడుగు 8: ఆ కాగితం చూసి ఎవరైనా నిర్ణయం తీసుకుంటుంటే

ఉద్యోగం ఇవ్వడానికో ప్రమోషన్‌కో ఎంబీటీఐ వాడుతున్నారా? దాన్ని అమ్మే సంస్థే ఉద్యోగులను ఎంచుకోవడానికి వాడొద్దని చెబుతుంది. హెచ్ఆర్‌తో ఆ మాట మర్యాదగా అనండి. ఇంకో మూడు ప్రశ్నలు మెయిల్లో అడగండి: ఈ రిజల్ట్ ఎవరెవరు చూస్తారు? దీన్ని బట్టి ఏం మారుతుంది? నాకు కాపీ ఇస్తారా? మెయిల్లోనే అడగండి, కారిడార్‌లో కాదు. అమెరికాలో ప్రమోషన్‌కి ఎంఎంపీఐ రాయించిన ఒక కంపెనీ మీద ఉద్యోగులు కేసు వేస్తే, అది వైద్య పరీక్ష కిందికి వస్తుంది, అలా వాడటం చట్టవిరుద్ధమని 2005లో అప్పీలు కోర్టు తేల్చింది.

జాగ్రత్తగా చేసేవాళ్ళు ఎలా చేస్తారో చూడాలంటే మన సైన్యానికి అధికారులను ఎంచే ఎస్ఎస్‌బీని చూడండి. అక్కడా కాగితం టెస్టులున్నాయి. బొమ్మ చూసి కథ రాయాలి. తెర మీద 60 మాటలు ఒక్కోటి 15 సెకన్లు కనిపిస్తుంటే తోచింది రాయాలి. అరగంటలో 60 సందర్భాలకి ఏం చేస్తారో రాయాలి. కానీ అంతటితో అయిపోదు. ఇంటర్వ్యూ చేసే అధికారి వేరు, మైదానంలో దుంగలూ తాళ్ళూ ఇచ్చి గుంపుతో పనిచేయించి చూసే అధికారి వేరు. ఐదో రోజున సైకాలజిస్టుతో సహా అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఐదు రోజులూ అన్ని జతల కళ్ళూ పెట్టినవాళ్ళు ఒక్క కాగితాన్ని నమ్ముకోవడం లేదు. పావుగంట లింకుని మనమెందుకు నమ్మాలి?

పెళ్ళి సంబంధాల్లో కూడా ఈ అక్షరాలు మొదలయ్యాయి. దేవగణం, రాక్షసగణం చూడటం మానేశామని చెప్పుకునేవాళ్ళే 'మా అబ్బాయి ఐఎన్‌టీజే అండీ' అంటున్నారు. అక్షరాలు వినేసి ఊరుకోకుండా ఒక సందర్భం అడగండి. "మీ ఇంట్లో కిందటిసారి ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్ళు దగ్గర ఎవరు పడుకున్నారు?" అని నేను మా చెల్లెలి చేత అడిగించాను. అబ్బాయి జవాబు చెప్పేలోపే వాళ్ళమ్మ చెప్పేసింది. రెండు సంగతులు తెలిశాయి.

అడుగు 9: ఎంతవరకు నమ్మాలో లెక్క కట్టుకోండి

టెస్టులకీ న్యాయం చేయాలి. వ్యక్తిత్వపు మార్కుకీ, మనిషి ఒక ఫలానా సందర్భంలో చేసే పనికీ మధ్య సంబంధం సాధారణంగా 0.3 (సంబంధమే లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1) దాటదని వాల్టర్ మిషెల్ 1968లో రాస్తే పెద్ద దుమారం రేగింది. దాని మీద వాదనలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ అంకెను ఇంటి లెక్కలో చెప్పుకుందాం. ఎవరు సగటు కంటే బాగా చేస్తారు, ఎవరు చేయరు అని బొమ్మాబొరుసూ వేసి చెబితే వందకి 50 సార్లు నిజమవుతుంది. 0.3 సంబంధం ఉన్న టెస్టు చూసి చెబితే దాదాపు 60 సార్లు.

వెయ్యి మందిని తీసుకునే సంస్థకి ఆ పది పెద్ద లాభమే. పనిలో క్రమం గురించిన మార్కు ఎన్నో రకాల ఉద్యోగాల్లో పనితీరుతో కొంత కలుస్తుందని 1991లో బ్యారిక్, మౌంట్ చూపించారు, దాన్ని కాదనక్కర్లేదు. కానీ మీ ఎదురుగా కూర్చున్నది ఒక్క మనిషి. ఆయన ఆ తప్పిపోయిన 40 మందిలో ఉన్నాడో లేదో కాగితం చెప్పదు.

ఇంకో మాట. ఆందోళన గీత చాలా ఎక్కువగా వచ్చి, నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, బతుకు మీద విరక్తి లాంటివి కూడా ఉంటే నెట్ టెస్టులు ఇంకో నాలుగు రాయడం పరిష్కారం కాదు. సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చివరి పని: తేదీ వేయండి

గీతలు కొట్టిన రిజల్ట్, మీరు రాసుకున్న సందర్భాల వాక్యాలు, ముగ్గురు చెప్పిన సంగతులు కలిపి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టేయండి. పైన టెస్టు రాసిన తేదీ, పక్కన ఆ రోజు ఎలా గడిచిందో ఒక్క ముక్క.

నా పాత కాగితాల్లో ఒకదాని మీద ఇలా ఉంది: 'రాత్రంతా పాపకి జ్వరం. రెండు గంటలు నిద్ర. క్యాబ్ రాలేదు, ఆటోలో వచ్చా.' దాని కింద పెద్ద రంగు అక్షరాల్లో 'అంతర్ముఖి: ఏకాంతాన్ని కోరుకుంటారు' అని అచ్చయి ఉంది. కోరుకోనా మరి, ఆ రోజు!